పూటకో వయసు

తెల్లవారుజాము నాలుగున్నర. మార్చి నెల. బారువ ఊరు వెనకబడింది. జీడితోటల మధ్య ఇసుకదారిన నడుస్తున్నారు మీరు. రాత్రి చలి ఇసుకలో ఇంకా దాగుంది. చెప్పులు చేతిలోకి తీసుకుంటే తప్ప అడుగు సాగడం లేదు. రాలిన జీడిపళ్ళు పాదాల కింద చితుకుతున్నాయి, వాటి పులుపు వాసన ముక్కుకు ఘాటుగా తగులుతోంది. ఒక పక్క సముద్రం హోరు. మహేంద్రగిరి నుంచి దిగివచ్చిన మహేంద్రతనయ ఈ ఊరి దగ్గరే ఆ హోరులో కలుస్తుంది. ఈ చీకట్లో కొండా కనపడదు, ఏరూ కనపడదు. ముందు నడుస్తున్న మనిషి భుజం మీద మోకు ఒక్కటే కనపడుతోంది.

ఆయనకు అరవై దాటాయి. పేరు అడిగితే, "తాతా అను, పలుకుతాను. పేరెందుకు బావూ" అన్నాడు. వీపు వెనక కత్తులు, నడుముకు ఖాళీ కుండ. నడక నిదానంగానే ఉంది, అయినా మీరు అందుకోలేకపోతున్నారు.

మొదటి చెట్టు పొలం గట్టు మీద ఒంటరిగా ఉంది. మాను తడిమితే గరుకు. ఛాతీ ఎత్తున రంగుతో వేసిన అంకె వేళ్ళకు తెలుస్తుంది. ఆబ్కారీ వాళ్ళ నంబరు. తాత చెక్క ముక్క మీద ఇసుక పొడి చల్లి కత్తి నూరుతున్నాడు. ఇటు నాలుగు, అటు నాలుగు. బొటనవేలి మీద అంచు ఆనించి చూసుకుని, కాళ్ళకు నార బందం తగిలించుకుని, మోకును మాను చుట్టూ తిప్పి నడుముకు బిగించాడు. చెట్టుకు ఒకసారి దండం పెట్టాడు. ఆ తర్వాత మీకు వినపడేది రెండే చప్పుళ్ళు: మోకు పైకి జారిన సర్రుమనే చప్పుడు, పాదాలు మానును పట్టిన చప్పుడు. కొంతసేపటికి అదీ అందదు.

పైన ఏం జరుగుతోందో కింద నిలబడ్డవాళ్ళకు కనపడదు. ఆయన చెప్తే తెలియాలి. ఇది పోతుతాడి. కాయ కాయదు, గెలలు మాత్రం వేస్తుంది. ఆ గెలలను కొన్నాళ్ళపాటు రెండు కర్రల మధ్య పెట్టి నొక్కి, మెత్తబరిచి, కలిపి కట్టి, చివరలు కోస్తేనే నీరు దిగడం మొదలవుతుంది. ఆడచెట్టయితే గెలను కర్రతో సున్నితంగా తట్టాలి. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ ఎక్కి, కోసిన చోటనే మళ్ళీ గోరు తీసినంత పలచగా ఒక పొర తియ్యాలి. ఒక్క పూట మానేస్తే గాయం ఆరి మూసుకుపోతుంది. మందంగా కోస్తే వారాల తరబడి ఇవ్వాల్సిన గెల రోజుల్లో అరిగిపోతుంది. ఈ వ్యాపారంలో తెలివంతా ఆ పొర మందంలో ఉంది.

మీ నెత్తి మీద తాటి పొట్టు రాలింది. మట్టల సందున కట్టుకున్న గూళ్ళలోంచి పిట్టలు లేచి మళ్ళీ సర్దుకున్నాయి. తాత దిగుతున్నాడు, ఎక్కినప్పటికంటే జాగ్రత్తగా. నడుము కుండలో ఇప్పుడు బరువుంది.

"నిలబడ్డావేటి బావూ, ఇలా రా."

లేత తాటాకును మడిచి దొప్ప చేసి మీ చేతిలో పెట్టి, పైనుంచి వంచాడు. తెల్లగా, పలచగా, అంచున చిన్న నురగ. ముందు తీపి తెలుస్తుంది, ముంజె నీళ్ళ తీపి కంటే చిక్కనిది. దాని వెనక మట్టికుండ వాసన. అన్నిటికంటే ఆఖరున, నాలుక పక్కలకు చిన్న చురుకు. రాత్రంతా కుండలో కారిన రసం అప్పుడే కల్లవడం మొదలుపెట్టింది. ఈ గుటకలో పంచదార ఎక్కువ, మత్తు పేరుకే.

"ఇప్పుడిది పసిగుంట," అన్నాడు తాత. "మజ్జేనానికి సూడు దీని పొగరు."

రెండో చెట్టు చెరువు గట్టున ఉంది. మూడోది ఇసుకదిబ్బ మీద, గాలికి కాస్త సముద్రం వైపే వాలి. మూడింటి కల్లూ విడివిడిగా పోసి రుచి చూడమన్నాడు. చెరువు గట్టుది పలచన. దిబ్బ మీదిది చిక్కన, అడుగున ఉప్పని ఛాయ. అది నిజంగా ఉప్పేనా, ముందుగా చెప్పాడు కాబట్టి మీకలా తోచిందా అన్నది మీరు తేల్చుకోలేరు. ఏ చెట్టుదైతే ఏమిటి, కల్లు కల్లే కదా అని మీరన్నారో లేదో, ఆయన మొహం మాడింది. "అలగనీకు" అని ఊరుకున్నాడు. ఫ్రాన్స్‌లోని బుర్గండీలో పక్కపక్కనే ఉన్న రెండు ద్రాక్షతోటల సారాన్ని కలపకుండా వేరువేరు సీసాల్లో నింపి, వేరువేరు ధరలకు అమ్ముతారు. నేల మారితే రుచి మారుతుందని నమ్మకం. ఈ తాత ఆ ప్రాంతం పేరు విననైనా వినలేదు. ఆయన లెక్కా అదే. కాకపోతే ఆయన తోట గట్టుకొక చెట్టుగా, వేరువేరు రైతుల పొలాల్లో చెదిరి ఉంది.

తోట అన్నమాటే గానీ ఇందులో వ్యవసాయం ఏముంది? ఈ చెట్టుకు నీళ్ళు పెట్టినవాడు లేడు, ఎరువు వేసినవాడు లేడు, మందు కొట్టినవాడు లేడు. టెంక నేలలో పడితే మొలిచింది. పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో, ఒక్కోసారి ఇరవై ఏళ్ళో గడిచి పూతకొచ్చేదాకా అది పోతో ఆడో కూడా తెలియదు. పాతినవాడు తాగేది తక్కువ. తర్వాత నూరేళ్ళు నిలబడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు నేలకొరిగాయి, జీడిచెట్లు వేళ్ళతో లేచిపోయాయి. ఆ రాత్రి గురించి తాత ఎక్కువ మాట్లాడడు. తాడి గాలికి ఓర్చే చెట్టు అని మాత్రం అంటాడు. ఇప్పుడు ప్రపంచమంతా మంచి వైన్ చేసేవాళ్ళు రసాయనాలు లేని తోట, నీటి పొదుపు, నేలకు హాని చెయ్యని సేద్యం అంటూ సీసా వెనక చిన్న అక్షరాల్లో గొప్పగా వేసుకుంటున్నారు. ఆ షరతులన్నీ ఈ గట్టు మీద ఎవరూ ప్రయత్నించకుండానే నెరవేరుతున్నాయి. చీటీ అంటించడానికి సీసాయే లేదు.

తూర్పున ఎరుపు పాకింది. ఆ వెలుగులో చూస్తే తాత ఛాతీ మీద, ముంజేతుల లోపలి వైపున చర్మం నల్లగా మందంగా కాయలు కాసి ఉంది. ఎన్నేళ్ళు మానును కావలించుకుంటే అలా అవుతుంది? అడగలేదు మీరు.

కుండలను ఆయన ఎందుకు బాగా తోమడు అన్నది మాత్రం అడిగారు. తోమితే కల్లు "లేవదు" అన్నాడు. ఆ మాట వెనకున్న శాస్త్రం ఇది: తాజా తాటినీరులో నూటికి పది పన్నెండు పాళ్ళు పంచదార ఉంటుంది. పువ్వుకూ కాయకూ చెట్టు పంపుకుంటున్న తిండి అది. గెల చివర కోసి మనిషి దారి మళ్ళించాడు. కుండ గోడల రంధ్రాల్లో నిన్నటి కల్లు తాలూకు ఈస్టు ఉంటుంది, జైమోమోనాస్ అనే బాక్టీరియా ఉంటుంది, పెరుగును పులియబెట్టే జాతి బాక్టీరియా ఉంటుంది. రసం పడీ పడగానే అవి పనిలోకి దిగుతాయి. పంచదారను కొన్ని సారాయిగానూ, కొన్ని పులుపుగానూ మారుస్తాయి. నురగ బొగ్గుపులుసు గ్యాసు. కుండ లోపల సున్నం పూస్తే ఇవేవీ బతకవు. రసం తియ్యగా నిలుస్తుంది, అదే నీరా. జార్జియా దేశంలో నేలలో పాతిపెట్టిన పెద్ద మట్టి బానల్లో ద్రాక్షరసాన్ని దాని సొంత ఈస్టుతోనే పులియనిస్తారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన కుండ ఇంకా ఆ దాకా వెళ్ళలేదు.

ఎనిమిదయ్యేసరికి కల్లుపాకకు చేరారు. తాటాకు కప్పు, నాలుగు గుంజలు, నేలంతా ఇసుక. ఒక మూల పొయ్యి మీద ఎండునెత్తళ్ళు వేగుతున్నాయి. ఆ వాసనకు ఊరి కుక్కలు రెండు దూరంగా కూర్చుని కాచుకున్నాయి. కల్లు పోసే ఆవిడను అందరూ అప్పా అంటున్నారు, మీరూ అలాగే పిలిచారు. చేపల వేట నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు, వలల తడి ఇంకా ఆరకుండానే, దొప్పలు పట్టుకుని కూర్చున్నారు. చెట్టు కింద తాగిన కల్లే ఇప్పుడు మళ్ళీ తాగి చూడండి. మూడు గంటలు గడిచాయి. తీపి సగానికి తగ్గింది. నురగ పెరిగింది. గొంతు దిగాక వెచ్చదనం నిలుస్తోంది. నెత్తడి నోట్లో వేసుకుని మరో గుటక వేస్తే, ఈ పులుపు ఆ ఉప్పు కోసమే పుట్టిందనిపిస్తుంది.

అంగట్లో దొరికే రెడ్ వైన్‌లోని ఎరుపు ద్రాక్ష తొక్క నుంచి వచ్చిందే. తొక్కను రసంలో నానబెట్టి రంగూ వగరూ దింపుతారు. ఆ వగరే దానికి ఏళ్ళ తరబడి నిలిచే బలం ఇస్తుంది. బోర్డోలో మంచి సంవత్సరపు సీసాను ఇరవై ఏళ్ళు పడుకోబెట్టి తాగేవాళ్ళున్నారు. అంత దూరం నిలవడానికి సల్ఫైట్లు కూడా సాయం చేస్తాయి. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో సేంద్రియ రెడ్ వైన్‌కు సైతం లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. కల్లుకు తొక్క లేదు, వగరు లేదు, తోడుగా ఏ మందూ లేదు. దానికి బాల్యం తెల్లవారుజామున, యవ్వనం మధ్యాహ్నం, ముదిమి సాయంత్రం. రేపటికి అది వెనిగర్. ఏ ఏడాది పంట అని వైన్‌ను అడుగుతారు. ఇక్కడ అడగాల్సింది ఏ పూటది అని.

అందుకే దీన్ని పెద్దది చెయ్యాలనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి తప్పుతుంది. చెట్లు ఇన్నే, ఎక్కేవాళ్ళు ఇందరే, గంటలు ఇన్నే. నగరంలో అడిగేవాళ్ళు ఎక్కువై చెట్లు చాలకపోతే కుండలోకి వేరే వస్తువులు దిగుతాయి: క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ తెల్లటి ద్రవానికి కల్లనే పేరు తప్ప చెట్టుతో చుట్టరికం తక్కువ. ఈ పాకలో అప్ప దగ్గర కుండ ఖాళీ అయితే "ఐపోయింది, రేపు రండి" అంటుంది, అంతే. ఆ మాట చెప్పగలగడం చిన్న వ్యాపారానికి మాత్రమే దొరికే మర్యాద అని నా అభిప్రాయం.

పదకొండు. పాకలో గొంతులు పెరిగాయి. ఎవరో లచ్చన్న పేరెత్తారు. బారువలో ఆ పేరు రాకుండా కల్లు కబుర్లు సాగవు. సర్దార్ గౌతు లచ్చన్న 1909లో ఇక్కడే, గీత పని చేసుకునే కుటుంబంలో పుట్టాడు. స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళాడు. ఆ స్వాతంత్ర్యం వచ్చాక మద్యనిషేధం వచ్చింది. రాజాజీ 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. నగరంలో తాగేవాడికి దొంగదారి దొరికింది. చెట్టెక్కేవాడికి మాత్రం ఒక్కసారిగా బతుకు నేరమైంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తెయ్యమంది, గీత కార్మికులు రోడ్డెక్కారు, లచ్చన్న వాళ్ళ వైపు నిలబడ్డాడు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ గొడవ మీదనే అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో కూలింది. "ముంత దెబ్బకి మంత్రులు పడిపోనారు" అంటాడు వేటగాళ్ళలో పెద్దవాడు, ఆ ఓటు తానే వేసినంత ధీమాగా. 1954 నాటికి అతను పుట్టి ఉండడు.

తాత నవ్వలేదు. ఆయన కొడుకు చెన్నైలో భవనాల పనిలో ఉన్నాడు. మనవడు ఇంటర్. ఇద్దరిలో ఎవరూ మోకు ముట్టరు, ముట్టనివ్వడు కూడా. 2025 మొదట్లో ప్రభుత్వం మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకని లాటరీ తీసి ఇచ్చింది. వీళ్ళ ఊళ్ళోనూ అప్లికేషన్లు పెట్టారు. న్యాయంగానే కనపడుతుంది. తరతరాలుగా చెట్టెక్కినవాళ్ళకు చివరికి దక్కిన హక్కు, ఫ్యాక్టరీ సీసా అమ్ముకోవడానికి! కొడుకు ఫోన్ చేసి ఓ చీటీ వేద్దామన్నాడట. "డబ్బు కట్టాలి కదేటి," అన్నాడు తాత, దానితో ఆ సంగతి అయిపోయింది. రెండో పూట గీతకు ఇంకా నాలుగు గంటలుందని పాక పక్కన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

కొండల్లోని జీలుగు కల్లు కూడా రుచి చూద్దామని మీరు బస్సెక్కారు. టెక్కలి, పాతపట్నం, కొత్తూరు. కిటికీలోంచి వరుసగా తాళ్ళు, ఆ వెనక వంశధార ఇసుక, దాని వెనక కొండలు. ముఖలింగం ఈ ఏటి ఒడ్డునే. దాని దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడి చెబుతూ కొండ మీది సవరల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చాడు. ఇప్పుడు మీరు పోతున్నది ఆ భాష మాట్లాడే ఊళ్ళకే.

సీతంపేట దాటి కొండవాలున దిగేసరికి పొద్దు వాలుతోంది. ఇక్కడ గాలి వేరు. అడవి ఆకు వాసన, ఎక్కడో పోడు కాల్చిన మసి వాసన. తాడిచెట్టు నిటారుగా, పొడిగా ఉంటుంది. జీలుగుచెట్టు అలా కాదు. ఆకులు చేపతోకల ఆకారంలో చీలి కిందికి వేలాడుతున్నాయి, వాటి మధ్య పూగుత్తులు జడలు జడలుగా నేలవైపు దిగుతున్నాయి. కింద పడ్డ కాయ ఒకటి తియ్యబోయారు. "వద్దు, దురద" అని ఓ సవర కుర్రాడు మీ చెయ్యి పక్కకు తోశాడు. కాయలోని సూదుల్లాంటి స్ఫటికాలు చర్మంలో దిగితే గంటల తరబడి గోక్కోవాలి.

చెట్టుకు నిచ్చెన ఉంది. ఒకే ఒక్క వెదురు, కణుపుల దగ్గర కొమ్మలను జానెడు ఉంచి నరికింది, మానుకు కట్టేసింది. కుర్రాడు మోకు లేకుండా దాని మీద అడుగులేసుకుంటూ ఎక్కాడు. వాళ్ళ నాన్న కింద నిలబడి ఏదో అంటున్నాడు, సవరలో. మీకు అర్థం కాదు, గొంతును బట్టి చూస్తే మాత్రం తిట్లే.

జీలుగు కథ తాడి కథ కాదు. పదేళ్ళో పదిహేనేళ్ళో పూత లేకుండా పెరుగుతుంది, ఆ కాలమంతా తన కాండంలో పిండి దాచుకుంటుంది. ఒక ఏడు నెత్తిన మొదటి గుత్తి వేస్తుంది. మరుసటి గుత్తి దాని కింద, ఆ తర్వాతది దానికీ కింద. పై నుంచి కిందికి పూస్తూ వస్తుంది. అట్టడుగు గుత్తి అయిపోతే చెట్టూ అయిపోతుంది. అంటే కల్లిస్తున్న ప్రతి జీలుగూ తన ఆఖరి ఏళ్ళలో ఉన్నదే. మొత్తం దాచిన పిండి తీపిగా కరిగి దిగుతుంది కాబట్టే మంచి చెట్టు రోజుకు ఇరవై లీటర్ల దాకా ఇస్తుంది, తాడి ఇచ్చేదానికంటే బాగా ఎక్కువ. గియ్యకుండా వదిలేసిన చెట్టును కొట్టి ఆ కాండం దంచి పిండి తీసి అంబలి కాచుకోవడం కరువు కాలంలో ఏజెన్సీకి అలవాటే. కల్లా, పిండా అన్నది ఇంటిపెద్ద నిర్ణయం.

అడ్డాకు డొప్పలో పోశారు. నలుగురు పెద్దలు చెట్టు కిందే గొంతుక్కూర్చున్నారు. తాగే ముందు ఒకాయన రెండు చుక్కలు నేల మీద ఒలికించాడు. సరిహద్దు అవతల ఒడిశాలోని సవర ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఉన్న బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒక పుస్తకం రాశాడు. ఆయన చూసిన రోజుల్లో అక్కడ చనిపోయినవాళ్ళు పూనకం పట్టిన మనిషి నోట బతికున్నవాళ్ళతో మాట్లాడేవారు, తగువులాడేవారు, కల్లు అడిగేవారు. ఈ రెండు చుక్కలు ఆ లెక్కవేనా అని అడిగితే, ఒలికించిన పెద్దాయన మీ డొప్ప వైపు చూపించి, "చల్లారకముందే తాగు" అన్నాడు. కల్లుకు చల్లారడమేమిటో మీకు తెలియలేదు.

తాటికల్లు కంటే ఇది మెత్తన. తీపి నిండుగా, పులుపు వెనకెక్కడో ఉంది. కాస్త ఆకు పసరు, చివర ఒక చేదు గీత. పొద్దున చెట్టు కింద తాగినదానికంటే మంచిదని మీరు ఒప్పుకోక తప్పదు. బారువ తాతకు మాత్రం ఈ మాట చెప్పకండి.

విజయనగరంలో స్నేహితుడికి చూపిద్దామని ఓ లీటరు అడిగారు. పెద్దాయన నవ్వాడు. కుర్రాడు నీళ్ళ సీసా కడిగి, నాలుగో వంతు ఖాళీ ఉంచి నింపి, మూత సగమే తిప్పి, "గట్టిగా పెట్టొద్దు సార్" అని రెండుసార్లు చెప్పాడు. డబ్బిస్తే తీసుకోవడానికి మొహమాటపడ్డాడు. నాన్న తీసుకున్నాడు.

పాలకొండ బస్సు. ఘాటు మలుపుల్లో సీసా బుస్సుమంటోంది. మీరు భయపడి మూత బిగించారు. పది నిమిషాలకు సీసా పొట్ట ఉబ్బి, అడుగు గుండ్రమై, సీటు మీద నిలబడనంటోంది. బిగించిన చేతులతోనే మళ్ళీ వదులు చేస్తే నురగ ఎగజిమ్మి మీ చొక్కా, పక్కాయన పంచె, ముందు సీటు వెనకభాగం అన్నీ తడిశాయి. బస్సంతా వాసన. కండక్టరు వచ్చాడు, తిట్టడానికి నోరు తెరిచి, ముక్కు ఎగబీల్చాడు.

"జీలుగేనా?"

అవునన్నారు, విజయనగరం తీసుకెళ్తున్నానని కూడా చెప్పారు.

"ఏ ఊరిది? సీతంపేట పైదా, భామిని వైపుదా?" మీరు చెప్పేలోపే వెనక సీటు ముసలాయన స్టీలు గ్లాసు ముందుకు చాపాడు. "ఈజీనారం దాకా అదెక్కడుంటాది బావూ. పాలకొండ రాకుండానే పుల్లగైపోద్ది. ఇలా పొయ్యి, పోయేది పోకుండా."